చీమల బారు, గెలాక్సీ సుడి: క్రమం ఉన్నంత మాత్రాన తెలివి ఉన్నట్టేనా?

మీ ప్రశ్న ఇదీ. ఒక్క చీమకు పెద్దగా తెలివి లేదు, వేల చీమలు కలిస్తే మాత్రం దగ్గర దారి కనిపెడతాయి. ఒక్క అణువుకు ఏమీ తెలియదు, కోటానుకోట్ల అణువులు కలిసేసరికి నక్షత్రాలు, గెలాక్సీలు, చివరికి మనమూ వచ్చాం. అలాంటప్పుడు విశ్వంలో కనిపించే క్రమం కూడా ఒక రకమైన సామూహిక మేధస్సేనా? పైగా ఎంట్రోపీ, అంటే చెదిరిపోవడానికి కొలత, ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుందని చదువుకున్నాం కదా, మరి ఈ క్రమం ఎక్కడి నుంచి వచ్చింది? పదో తరగతి చదివే మీ అమ్మాయి అడిగితే సరిగా చెప్పలేకపోయానని రాశారు.

నేను ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. నా పరిశోధన ద్రవాల్లో ఉష్ణ సంవహనం మీద, అంటే వేడెక్కిన నూనెలో తనంతట తానే ఏర్పడే నమూనాల మీద. అందుకే ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను. ముందే చెప్పేస్తాను: మీరు తెచ్చిన పోలిక సగం దాకా చాలా గట్టిది, ఆ తర్వాత నిలవదు. ఆ సగం దగ్గరే ఏం జరుగుతుందో తెలిస్తే మీ అమ్మాయికి జవాబు దొరికినట్టే.

చీమలతో మొదలుపెడదాం. మొన్న మా వంటగట్టు మీద బెల్లం డబ్బా మూత సరిగా పడలేదు. తెల్లారేసరికి కిటికీ మూల నుంచి డబ్బా దాకా చిన్న నల్లచీమల బారు. వేలు తడి చేసి ఆ బారుకు అడ్డంగా ఒక్క గీత గీశాను. బెల్లం వైపు వస్తున్న మొదటి చీమ గీత అంచు దాకా వచ్చి ఠక్కున ఆగింది. మీసాలు అటూ ఇటూ ఆడించి వెనక్కి తిరిగింది. వెనకున్న చీమ దాన్ని గుద్దుకుని అదీ ఆగింది. నిమిషంలో గీతకు రెండు పక్కలా చిన్న గుంపులు తయారయ్యాయి. ఒక చీమ గీత పక్కనే చాలా దూరం నడిచి, తడి ఆరుతున్న చోట అవతలికి దాటింది. దాని వెనక ఇంకొకటి, ఆ తర్వాత నాలుగు. ఐదు నిమిషాలు గడిచేసరికి బారు మళ్ళీ కుదురుకుంది, కాకపోతే కాస్త వంకరగా. ఈ మొత్తం తతంగంలో ‘ఇటు రండి’ అన్న చీమ ఒక్కటీ లేదు. ప్రతి చీమా తన మీసాల కింద నేల మీద ఉన్న వాసన చూసింది, నడుస్తూ తన వాసన కాస్త వదిలింది. అంతే.

ఆ వాసనే ఫెరోమోన్. దీనితో దగ్గర దారి ఎలా దొరుకుతుందో 1989, 1990లలో బ్రస్సెల్స్‌లో జ్యాఁ-లూయీ డెనూబూర్గ్, సైమన్ గాస్, వాళ్ళ తోటివాళ్ళు చూపించారు. అర్జెంటీనా చీమల గూటికి, తిండికి మధ్య రెండు కొమ్మల వంతెన పెట్టారు. ఒక కొమ్మ రెండోదానికి రెట్టింపు పొడవు. మొదట్లో చీమలు రెండు వైపులా సగం సగం వెళ్ళాయి. పొట్టి కొమ్మ మీద వెళ్ళినవి ముందుగా తిరిగొచ్చాయి కాబట్టి దాని మీద వాసన ముందుగా చిక్కబడింది. చిక్కబడేకొద్దీ మరిన్ని చీమలు అటే వెళ్ళాయి, అవి వెళ్ళేకొద్దీ వాసన ఇంకా చిక్కబడింది. కొద్ది నిమిషాల్లోనే దాదాపు అన్నీ పొట్టి కొమ్మ మీదికి చేరాయి. కొలిచిన చీమ ఒక్కటీ లేదు, కానీ కొలత జరిగింది.

రెండు కొమ్మలూ సమానంగా ఉంటే? నన్ను అడిగితే ఈ ప్రయోగమే ఇంకా అందమైనది. చీమలు రెండు వైపులా సమానంగా పంచుకుంటాయని అనుకుంటాం. అలా జరగదు. మొదట్లో యాదృచ్ఛికంగా ఒక వైపు నాలుగు చీమలు ఎక్కువ వెళ్తాయి, ఆ చిన్న తేడానే పెరిగి పెరిగి చివరికి దాదాపు అన్నీ ఒకే కొమ్మ పడతాయి. ఏ కొమ్మ అన్నది మాత్రం ప్రతిసారీ మారుతుంది. ఫిజిక్స్ చదివిన వాళ్ళకు ఇది వెంటనే ఇంకోటి గుర్తు చేస్తుంది. ఇనుమును 770 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి చల్లారనిస్తే, అందులోని అణువుల చిన్న చిన్న అయస్కాంతాలు పక్కవాటిని చూసి ఒకే దిక్కుకు తిరుగుతాయి. ఏ దిక్కు అన్నది మొదటి చిన్న తేడాలే నిర్ణయిస్తాయి. ఈ పోలిక గాలివాటంగా పుట్టింది కాదు. డెనూబూర్గ్ పనిచేసిన బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయం ఇల్యా ప్రిగోజిన్ ఉన్న చోటు. శక్తి ప్రవహిస్తున్న వ్యవస్థల్లో క్రమం తనంతట తానే ఎలా పుడుతుందన్న దాని మీద పనికి 1977లో నోబెల్ అందుకున్న ఆయన. ఉష్ణగతిక శాస్త్రం నుంచి నేరుగా చీమల దగ్గరికి నడిచి వెళ్ళిన వాళ్ళు వీళ్ళు.

చెదలు కూడా ఇంతే. (చీమలు పెట్టిన పుట్టలు అని మనం అంటాం కానీ, చేల గట్ల మీద నిలువెత్తు పుట్టలు కట్టేవి చెదలే. తొలకరి పడ్డాక దీపం చుట్టూ ముసిరే ఉసుళ్ళు ఆ పుట్టల్లోంచి వచ్చేవే.) చెదపురుగు లాలాజలంతో తడిపిన మట్టి ముద్ద ఒకటి పెడుతుంది. ఆ ముద్ద వాసనకు ఇంకో పురుగు తన ముద్దను అక్కడే పెడుతుంది. మట్టి ఉన్న చోటే మట్టి చేరుతుంది, అలా స్తంభాలు లేస్తాయి. 1959లో ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్-పాల్ గ్రాసే దీనికి స్టిగ్‌మర్జీ అని పేరు పెట్టాడు. ప్లాను గీసిన మేస్త్రీ ఎవరూ లేడు, జరిగిన పనే జరగాల్సిన పనిని పిలుస్తుంది.

ఇక్కడి నుంచి ఆకాశంలోకి వెళ్ళడం తేలిక. మట్టి అన్న చోట ద్రవ్యం అని పెట్టండి.

మహావిస్ఫోటనం జరిగిన సుమారు 3,80,000 ఏళ్ళకు విశ్వం దాదాపు సమానంగా పరుచుకున్న వేడి వాయువు. ఆనాటి వెలుగు ఇప్పుడు 2.7 కెల్విన్ల మైక్రోవేవ్ కిరణాలుగా నలుమూలల నుంచీ మనకు అందుతూనే ఉంది. దానిలో చోటుకూ చోటుకూ ఉన్న తేడా ఎంతో తెలుసా? సుమారు లక్షలో ఒక వంతు. కోబ్ ఉపగ్రహం ఆ తేడాను పట్టుకున్న సంగతి 1992లో ప్రకటించారు. అంత నున్నటి దానిలోంచి ఇంత ఎగుడుదిగుడు విశ్వం వచ్చింది. కారణం చీమల వంతెన మీద చూసిందే. కాస్త ఎక్కువ ద్రవ్యం ఉన్న చోటు చుట్టుపక్కల ద్రవ్యాన్ని కాస్త ఎక్కువగా లాగింది. లాగినకొద్దీ బరువు పెరిగింది, బరువు పెరిగినకొద్దీ ఇంకా లాగింది. కనిపించని కృష్ణ పదార్థం ముందుగా గుమిగూడి గుంటలు చేసింది, మామూలు వాయువు ఆ గుంటల్లోకి జారింది. అలా తీగలు, తీగలు కలిసే చోట ముడులు, మధ్యలో పెద్ద పెద్ద శూన్యాలు ఏర్పడ్డాయి.

ఇది ఊహ కాదని కంప్యూటర్ల మీద చేసి చూశారు. 2005లో ఫలితాలు వచ్చిన మిలీనియం సిమ్యులేషన్‌లో 1000 కోట్లకు పైగా కణాలను తీసుకుని, వ్యాకోచిస్తున్న విశ్వంలో వాటికి గురుత్వాకర్షణ ఒక్కటే నియమంగా ఇచ్చి వదిలారు. ఆకాశంలో టెలిస్కోపులు చూపించే వలలాంటి నిర్మాణమే తెర మీద వచ్చింది. మన దేశంలోని ఖగోళ శాస్త్రవేత్తలు 2017లో ఇలాంటి ఒక భారీ ముడిని గుర్తించి దానికి సరస్వతి అని పేరు పెట్టారు. మీనరాశి దిక్కున సుమారు 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీల మహాగుచ్ఛం అది. లక్షలో ఒక వంతు తేడా నుంచి అంత దాకా పెరిగిందంటే ఆ ఫీడ్‌బ్యాక్, అంటే ఫలితమే మళ్ళీ కారణాన్ని పెంచడం, ఎంత ఓపికగా పనిచేసిందో చూడండి.

కాబట్టి పోలికలో మొదటి సగం అక్షరాలా నిజం. నాయకుడు లేడు, ప్లాను లేదు. దగ్గరి వాటి మధ్య చిన్న నియమం, చిన్న తేడాను పెంచే ఫీడ్‌బ్యాక్, చాలినంత సమయం ఉంటే చాలు. పెద్ద ఎత్తున క్రమం వచ్చేస్తుంది.

ఇప్పుడు ఎంట్రోపీ సంగతి. క్లాసులో ఏటా ఎవరో ఒకరు అడిగేవారు: ‘సార్, అన్నీ చెదిరిపోవాలి కదా, మరి నక్షత్రం ఎలా కుదురుకుంది?’ ఎంట్రోపీ పెరుగుతుందనే ఉష్ణగతిక శాస్త్రపు రెండో నియమం చెప్పేది మొత్తం గురించి. ఒక మూల ఎంట్రోపీ తగ్గొచ్చు, దానికి బదులుగా మరో చోట అంతకు మించి పెరగాలి. ఫ్రిజ్ లోపల చల్లగా ఉంటుంది, వెనకో పక్కనో చెయ్యి పెట్టి చూస్తే వేడిగా తగులుతుంది. నక్షత్రమూ అలాగే. వాయువు మేఘం కుంచించుకుపోతే వేడెక్కుతుంది, ఆ వేడిని వెలుగుగా బయటికి వదిలితేనే ఇంకా కుంచించుకుపోగలదు. ఆ వెలుగు మోసుకుపోయే ఎంట్రోపీని కలిపి లెక్కేస్తే మొత్తం పెరిగే ఉంటుంది.

ఇందులో చాలామంది జారిపోయే చోటు ఒకటి ఉంది. అగరొత్తి పొగ గదంతా పరుచుకుంటుంది కాబట్టి సమానంగా పరుచుకోవడమే ఎంట్రోపీ ఎక్కువున్న స్థితి అనుకుంటాం. గదిలో అది నిజమే. కానీ గురుత్వాకర్షణ రాజ్యమేలే చోట లెక్క తిరగబడుతుంది. అక్కడ గుంపులు కట్టడమే సహజం, సమానంగా పరుచుకుని ఉండటమే అరుదైన స్థితి. అంటే తొలినాటి విశ్వం నున్నగా ఉండటమే దాని పెట్టుబడి. కొండ మీద నిలిపిన చెరువు నీళ్ళలా అక్కడ ఎంట్రోపీ చాలా తక్కువగా ఉంది. అప్పటి నుంచి ఈ 1380 కోట్ల ఏళ్ళూ ఆ నీళ్ళు కిందికి పారుతున్నాయి, పారుతూ దారిలో సుడులు తిప్పుతున్నాయి. నక్షత్రాలూ మనమూ ఆ సుడులమే. మొదట్లో అంత నున్నగా ఎందుకుంది అన్నది మాత్రం ఫిజిక్స్‌లో ఇంకా తేలని పెద్ద ప్రశ్న, బ్రిటిష్ శాస్త్రవేత్త రోజర్ పెన్‌రోజ్ దశాబ్దాలుగా ఎత్తి చూపుతున్న ప్రశ్న.

భూమి మీదా ఇదే వ్యాపారం. సూర్యుడి నుంచి వచ్చే ఒక్కో ఫోటాన్‌కు (వెలుగు రేణువుకు) బదులుగా భూమి సుమారు 20 బలహీనమైన పరారుణ ఫోటాన్లను ఆకాశంలోకి వదులుతుంది. వచ్చిన శక్తీ పోయిన శక్తీ దాదాపు సమానం. కానీ వచ్చింది పెద్ద నోటు, పోయింది చిల్లర. ఆ తేడాతోనే ఆకులు చక్కెర చేస్తాయి, చీమలు నడుస్తాయి.

నేను కళ్ళారా ఏళ్ళ తరబడి చూసింది కూడా ఒకటి చెప్పనివ్వండి. గాజు పళ్ళెంలో రెండు మూడు మిల్లీమీటర్ల మందాన సిలికాన్ నూనె పోసి, చిటికెడు అల్యూమినియం పొడి కలిపి, కింది నుంచి సన్నగా వేడి చేసేవాణ్ణి. మొదట ఏమీ కనిపించదు. వేడి అణువు నుంచి అణువుకు చడీచప్పుడూ లేకుండా పాకుతూ ఉంటుంది. పైకీ కిందికీ ఉష్ణోగ్రత తేడా ఒక హద్దు దాటగానే నూనె పైన గీతలు పడటం మొదలవుతుంది. కాసేపటికి పళ్ళెం అంతా ఆరు భుజాల గదులతో నిండిపోతుంది, అచ్చం తేనెపట్టులా. ఒక్కో గదిలో నూనె మధ్యలోంచి పైకి లేచి అంచుల దగ్గర కిందికి దిగుతూ ఉంటుంది. 1900లో ఆఁరీ బెనార్ చూసిన గదులివి. (పాత పుస్తకాల్లో వేడి నూనె తేలికై పైకి లేవడమే కారణమని ఉంటుంది. ఇంత పలచని పొరలో, పైన మూత లేనప్పుడు అసలు కారణం తలతన్యత. 1950లలో అది తేలింది.) పొయ్యి ఆపేస్తే రెండు నిమిషాల్లో గదులు మాయం. శక్తి ప్రవహించినంత సేపే ఆ క్రమం.

ఇంకో ఉదాహరణ రోడ్డు మీదే ఉంది. సంక్రాంతికి హైదరాబాదు నుంచి విజయవాడ బయలుదేరిన ఎవరికైనా అనుభవమే. గంటసేపు జామ్‌లో ఇరుక్కుంటాం, టెన్షన్ పడతాం, తీరా దాటాక చూస్తే ముందు యాక్సిడెంటూ లేదు, అడ్డమూ లేదు. జపాన్‌లో సుగియామా బృందం 2008లో ఇది చేసి చూపించింది. 230 మీటర్ల గుండ్రటి దారిలో 22 కార్లను ఒకే వేగంతో నడపమన్నారు. కాసేపు బాగానే నడిచాయి, తర్వాత ఏ కారణమూ లేకుండా జామ్ పుట్టి, కార్లు ముందుకు పోతుంటే అది మాత్రం వెనక్కి జరగడం మొదలైంది. కార్లు జామ్‌లోకి వస్తాయి, పోతాయి, జామ్ మిగులుతుంది. 1964లో సి.సి. లిన్, ఫ్రాంక్ షూ గెలాక్సీల సర్పిలాకారపు చేతులకు ఇలాంటి వివరణే ఇచ్చారు. ఆ చేతులు ఎప్పుడూ అవే నక్షత్రాలతో చేసినవి కావు, నక్షత్రాలూ వాయువూ నెమ్మదించి గుమిగూడే అలలు. అన్ని గెలాక్సీలకూ ఇది సరిపోతుందా అన్న చర్చ ఇంకా నడుస్తోంది కానీ, మూల ఆలోచన మాత్రం నిలబడింది.

ఇక పోలిక నిలవని చోటికి వద్దాం.

దక్షిణ అమెరికా అడవుల్లో దండు చీమలు ఉంటాయి. దాదాపు గుడ్డివి, ముందున్న చీమ వదిలిన వాసనే వాటి దారి. ఒక్కోసారి వానకో మరో కారణానికో ఒక ముక్క ప్రధాన దండు నుంచి తెగిపోయి, తన వాసన మీదికి తానే వచ్చి కలుస్తుంది. అంతే, గానుగ మొదలవుతుంది. ముందున్న దాని వెనక ఇది, దీని వెనక అది, గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. తిరిగేకొద్దీ వాసన చిక్కబడుతుంది, చిక్కబడేకొద్దీ బయటపడటం కష్టమవుతుంది. విలియం బీబ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త బ్రిటిష్ గయానాలో చూసిన వలయం చుట్టుకొలత సుమారు 1200 అడుగులు, ఒక చీమ ఒక చుట్టు తిరగడానికి రెండున్నర గంటలు పట్టింది. చాలా చీమలు అలా తిరిగి తిరిగి చచ్చిపోయాయి.

ఆ వలయాన్ని పైనుంచి తీసిన వీడియో చూడండి. మధ్యలో ఖాళీ, చుట్టూ నల్లటి సుడి, అంచుల్లో పలచబడే వరుసలు. గెలాక్సీ ఫోటో పక్కన పెడితే ఎంత పోలిక! చీమలు చేసే పనులన్నింటిలోనూ కంటికి ఇంతకన్నా చక్కటి క్రమం ఇంకోటి లేదు. తెలివి విషయంలో మాత్రం వాటి సామూహిక జీవితంలో ఇంతకన్నా అధ్వాన్నమైన క్షణం లేదు.

నా ఆలోచన అంతా ఈ గానుగ చుట్టూనే నడిచింది. పొట్టి దారి పట్టుకున్న బారుకూ, చచ్చేదాకా తిరిగిన వలయానికీ వాడిన నియమం ఒకటే, ఫీడ్‌బ్యాక్ ఒకటే. రెండూ క్రమమే. మొదటిదాన్ని తెలివి అంటున్నాం, రెండోదాన్ని తప్పు అంటున్నాం. ఎందుకు? చీమలకు చేరాల్సిన చోటు ఒకటుంది కాబట్టి. గూటిలో పిల్లలున్నాయి, తిండి చేరకపోతే గూడు చస్తుంది. అలా తప్పు చేసిన గూళ్ళు కోట్ల ఏళ్ళుగా చస్తూ వచ్చాయి, తప్పును దిద్దుకునే చిన్న చిన్న అలవాట్లున్న గూళ్ళు మిగిలాయి. ప్రకృతి వరణం అంటే ఇదే. గెలాక్సీ గుండ్రంగా తిరిగితే అది తప్పా, ఒప్పా? ఆ మాటే అక్కడ వర్తించదు. ఇది తప్పు అనడానికి అవకాశమే లేని చోట క్రమం ఎంతైనా ఉండొచ్చు, దాన్ని తెలివి అనడం నాకు సబబనిపించదు.

తప్పు దిద్దుకోవడం ఎలా ఉంటుందో తేనెటీగల్లో బాగా కనిపిస్తుంది. పట్టు నుంచి విడిపోయిన గుంపు చెట్టు కొమ్మకు వేలాడుతూ ఉంటే, కొన్ని వందల ఈగలు కొత్త ఇంటి కోసం వెతకడానికి వెళ్తాయి. మంచి తొర్ర చూసిన ఈగ తిరిగొచ్చి ఎక్కువసేపు నాట్యం చేస్తుంది, మామూలుది చూసిన ఈగ కాసేపే చేస్తుంది. అసలు కిటుకు ఇంకో చోట ఉంది. ప్రతి ఈగా తిరిగొచ్చిన ప్రతిసారీ నాట్యం కొంత తగ్గించుకుంటూ పోయి చివరికి మానేస్తుంది, తను చూసిన తొర్ర గొప్పదే అయినా సరే. అందువల్ల పాత అభిప్రాయాలు వాటంతటవే రాలిపోతాయి. కొత్త ఈగలు స్వయంగా వెళ్ళి చూసొచ్చి నాట్యం చేస్తేనే ఒక చోటు నిలుస్తుంది. పోటీ చోటు గురించి నాట్యం చేస్తున్న ఈగను తలతో గుద్ది ఆపే ఈగలూ ఉంటాయి. తేనెటీగల మీద పరిశోధన చేసే థామస్ సీలీ బృందం చెట్లు పెద్దగా లేని ఒక దీవిలో ఐదు పెట్టెలు పెట్టి చూసింది. నాలుగు మామూలువి, ఒకటి మంచిది. ఐదు గుంపుల్లో నాలుగు ఆ మంచిదాన్నే ఎంచుకున్నాయి.

మర్చిపోవడం, అడ్డు చెప్పడం, మళ్ళీ వెళ్ళి చూసి రావడం. చీమల వాసన కూడా ఆవిరైపోతుంది కాబట్టే కొత్త దారికి చోటు ఉంటుంది. అది చాలనప్పుడు చీమలూ ఇరుక్కుంటాయి. బ్రస్సెల్స్ వాళ్ళు మొదట పొడవైన కొమ్మ ఒక్కటే ఇచ్చి, అరగంట తర్వాత పొట్టి కొమ్మ కలిపితే, అర్జెంటీనా చీమలు పొడవైనదాన్నే పట్టుకుని వేలాడాయి. యూరప్‌లోని నల్ల తోటచీమలు అంత మొండివి కావు. పొడవైన కొమ్మ మీద సగం దూరం వెళ్ళాక గూటి దిక్కు నుంచి మరీ పక్కకు పోతున్నామని తెలిసి వెనక్కి తిరుగుతాయి, అలా కొత్త దారికి మారగలుగుతాయి. ఒక్కో చీమకున్న ఆ కొద్దిపాటి అనుమానమే గుంపుకు తెలివినిచ్చింది.

నా నూనె పళ్ళెంలో ఐదు భుజాల గది ఒకటి, దాని పక్కనే ఏడు భుజాల గది ఒకటి తరచూ వచ్చేవి. పరిశోధన వ్యాసాల్లో వాటిని లోపాలు అంటాం. నూనెకు అది లోపమేం కాదు, ఆరు భుజాలు కావాలని చూసింది నేను. తేనెపట్టు గది వంకరగా వస్తే మాత్రం మైనం వృథా, పిల్ల ఈగకు ఇబ్బంది. చూడటానికి రెండూ ఆరు భుజాలే. తేనెపట్టుకు నష్టం ఉంది, నూనెకు లేదు.

వాట్సాప్‌లో తిరిగే ఫోటో ఒకటి మీ దాకా వచ్చే ఉంటుంది, పక్కపక్కనే మెదడులోని నరాల వల, గెలాక్సీల వల. ‘విశ్వమే ఒక మెదడు’ అని కింద రాసి ఉంటుంది. ఆ పోలికను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఫ్రాంకో వాజ్జా అనే ఖగోళ శాస్త్రవేత్త, ఆల్బెర్టో ఫెలెట్టి అనే న్యూరోసర్జన్ 2020లో రెండు వలలనూ గణితంతో కొలిచి, కొన్ని కొలతల్లో ఆశ్చర్యమైన సామ్యం ఉందని ప్రచురించారు. ఆకారం సంగతి అది. కానీ మెదడు పని ఆకారంతో జరగదు, అటూ ఇటూ కబుర్లు పోవడంతో జరుగుతుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. మెదడులో ఒక పక్క నుంచి ఇంకో పక్కకు సంకేతం పోవడానికి సుమారు పది మిల్లీసెకన్లు అనుకోండి. మన పాలపుంత వెడల్పు సుమారు లక్ష కాంతి సంవత్సరాలు. కాంతికన్నా వేగంగా కబురు పోదు కాబట్టి, 1380 కోట్ల ఏళ్ళ విశ్వం వయసంతా తీసుకున్నా పాలపుంత ఈ చివర నుంచి ఆ చివరకు పోగల కబుర్లు వరుసగా 1,38,000. మెదడు అన్ని కబుర్లు 1380 సెకన్లలో, అంటే 23 నిమిషాల్లో పంపేస్తుంది. పొద్దున టీ తాగి పేపరు తిరగేసే సమయం. ఇది ఒక్క పాలపుంత సంగతి. గెలాక్సీల వలలో ఒక తీగ పొడవు కోట్ల కాంతి సంవత్సరాలు ఉంటుంది, అక్కడ వెయ్యి కబుర్లకు కూడా ఇంతవరకు టైము చాలలేదు. తప్పు చేసి, తెలుసుకుని, దిద్దుకునే సంభాషణకు అక్కడ వ్యవధే లేదు.

నా మాటకు అడ్డు చెప్పగలిగే ఉదాహరణ ఒకటి ఉంది, దాచను. సూర్యుడు తనను తాను సర్దుకుంటాడు. గర్భంలో కేంద్రక సంలీనం కాస్త ఎక్కువైతే గర్భం వేడెక్కి వ్యాకోచిస్తుంది, వ్యాకోచిస్తే చల్లబడి మళ్ళీ నెమ్మదిస్తుంది. ఇది దిద్దుబాటు కాదా? దిద్దుబాటులా ఉంది, నిజమే. కానీ అలా సర్దుకోలేని సూర్యుళ్ళు చచ్చిపోయి, సర్దుకునే సూర్యుళ్ళు పిల్లల్ని కని మిగిలిన చరిత్ర లేదు. అది వాయువు స్వభావం, అంతే. విశ్వాలకే అలాంటి వంశవృక్షం ఉంటే ఎలా ఉంటుందని భౌతిక శాస్త్రవేత్త లీ స్మోలిన్ 1992లో ఒక ప్రతిపాదన చేశాడు. కృష్ణబిలాల్లోంచి పిల్ల విశ్వాలు పుడతాయి, కృష్ణబిలాలు ఎక్కువ చేసే విశ్వాలకు సంతానం ఎక్కువ అని. అదే రుజువైతే నేను ఇంతసేపూ గీసిన గీతను చెరిపేసుకుంటాను. ఇప్పటికైతే అది ఊహే.

విశ్వ చైతన్యం గురించి మీ ప్రశ్న చివర్లో ఒక మాట రాశారు. అది మీ నమ్మకమైతే దానితో నాకు పేచీ లేదు, మా ఇంట్లో అమ్మ నమ్మకమూ అదే. చీమల పోలికను మాత్రం దానికి సాక్ష్యంగా నిలబెట్టకండి. చీమలు చూపించేది నడిపేవాడు లేకుండానే క్రమం వస్తుందని. విశ్వానికి ఒక మనసు ఉందని కానీ లేదని కానీ అవి చెప్పవు.

మీ అమ్మాయికి ఇదంతా చెప్పేకంటే చేసి చూపిస్తే మేలు. మా విద్యార్థులతో చాలాసార్లు చేయించాను. అట్టముక్క మీద రెండు సన్నటి దారులు కత్తిరించండి, ఒకటి 20 సెంటీమీటర్లు, ఇంకోటి 40. రెండూ రెండు చివర్లా కలవాలి. ఆ వంతెనను నీళ్ళ పళ్ళెం మీదుగా పెడితే చీమలకు వేరే దారి ఉండదు. ఒక చివర బారు వచ్చే చోట, ఇంకో చివర బొట్టు బెల్లం పాకం. నిమిషానికోసారి ఏ దారిలో ఎన్ని చీమలున్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోమనండి. మరుసటి రోజు రెండు దారులూ సమానంగా కత్తిరించి చూడమనండి. ఇంటి చీమలు అన్నీ ఒకే జాతి కావు కాబట్టి పుస్తకంలో ఉన్నట్టే వస్తుందని పట్టు పట్టొద్దు, వచ్చిందే రాయాలి. పురుగుల మందు ఈ మధ్య కొట్టిన గది వద్దు. ప్రతిసారీ కొత్త అట్ట తీసుకోవాలి, పాత అట్ట మీద నిన్నటి చీమల వాసన ఇంకా ఉంటుంది.